తడి మాను

ఉతికిన బనీను తొడుక్కొచ్చి త్రిమూర్తులు పెద్ద తప్పు చేసినట్టయింది.

బంగారరాజు గారి కొబ్బరితోట కొత్తపేట దాటాక కాలవ గట్టు పక్కనే ఉంటుంది. ఆ పొద్దున తోట మొదట్లో రెండు కార్లు, అరడజను మోటారు సైకిళ్ళు ఆగి ఉన్నాయి. రాజుగారి మేనల్లుడు రాజేంద్రకి అమలాపురంలో కెమెరాల కొట్టుంది. ఫొటోగ్రాఫర్ల సంఘానికి అధ్యక్షుడు కూడాను. ఆ ఏడే కొత్తగా వచ్చిన కెమెరాలు మూడు పట్టుకొచ్చాడు. వాటిలో అద్దం ఉండదట. పాత కెమెరాల్లో అయితే లోపల చిన్న అద్దమొకటి టప్పున లేచి పడుతుందట, ఇందులో ఆ గొడవే లేదట, తీయబోయే బొమ్మ వెనకనున్న తెర మీద ముందే కనిపిస్తుందట. కంపెనీవాళ్ళు వాటిని పరీక్షకిచ్చారు. స్టూడియోలో కాదు, బయట, ఎండలో, చెమటలో, పనిచేసే మనుషుల మధ్య ఎలా పనిచేస్తాయో తీసి చూపించాలి. సంఘంవాళ్ళు తీసినవాటిలో నెగ్గిన బొమ్మని పదడుగుల బేనరు వేయించి అమలాపురం గడియార స్తంభం దగ్గర కడతారు.

ఆ పనిచేసే మనిషి త్రిమూర్తులు. కొబ్బరిచెట్లెక్కి కాయల దింపు తీస్తాడు. మీసాలు రాకముందే చెట్టెక్కినవాడు, ఇప్పుడా మీసాలు నెరిశాయి. ఫొటోలు తీస్తారని రాజుగారు కబురు పెట్టిన దగ్గర్నుంచి చిన్నపిల్లాడైపోయాడు. పెళ్ళినాటి ఫొటో చెదలు తినేశాక ఆ ఇంట్లో అతని బొమ్మన్నది లేదు, రేషన్ కార్డు మీద మసక మొహం తప్ప. అందుకే పెళ్ళాం మంగాయమ్మ బనీను ఉతికి, నీలం పెట్టి, మడత నలక్కుండా ఇచ్చింది.

"ఇలా కాదు త్రిమూర్తులూ," అన్నాడు రాజేంద్ర, అతన్ని పైనుంచి కిందికి చూసి. "రోజూ ఎలా ఎక్కుతావో అలాగే ఉండాలి. చిరిగిన బనీను లేదా?"

త్రిమూర్తులు తలగోక్కున్నాడు. కాయల రాశి దగ్గర కూర్చున్న మంగాయమ్మే జవాబు చెప్పింది. "చిరిగినియ్యి ఉండవండి. చిరిగితే కుట్టుకుంటామండి."

అందరూ నవ్వారు. రాజేంద్ర కూడా నవ్వుతూనే త్రిమూర్తులు భుజం దగ్గర బనీను పట్టుకొని ఒక్క లాగు లాగాడు. చర్రుమంది. "ఇప్పుడు చూడండి, నిజం మనిషిలా ఉన్నాడు," అన్నాడు. నలుగురూ నవ్వుతున్నారు కదా అని త్రిమూర్తులూ నవ్వాడు. మంగాయమ్మకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న కాయని నేలలో పాతిన గునపం మొన మీద దించి, ఒంటి బరువంతా వేసి తిప్పింది. ఎప్పుడూ మూడు పోట్లకి ఊడే పీచు డొక్క ఆ పూట రెండు పోట్లకే ఊడింది.

ఏసీ కారులోంచి తీసిన కెమెరాలకి తోట గాలి తగలగానే ముందున్న లెన్సు అద్దాలన్నీ ఆవిరి పట్టి మసకేశాయి. అప్పటికే త్రిమూర్తులు సగం చెట్టు మీదున్నాడు.

"అక్కడే ఆగు! ఆవిరి పోవాలి!" అని కిందనుంచి కేకేశారు.

"ఆయ్," అన్నాడు త్రిమూర్తులు పైనుంచి.

చెట్టెక్కేవాడికి కాళ్ళు ఆడుతుంటాయి కాబట్టి బరువు తెలియదు. మధ్యలో ఆగినవాడికే ఒళ్ళంతా పిక్కల్లోకి దిగుతుంది. పాదాలు రెంటినీ కలిపే తాడు బంధాన్ని మానుకి అదిమిపెట్టి, చేతులతో చెట్టుని కావలించుకొని అలాగే ఉండిపోయాడతను. కింద వీళ్ళు జేబురుమాళ్ళతో అద్దాలు తుడుచుకుంటున్నారు. ఒకాయన సిగరెట్ కూడా వెలిగించాడు. పిక్కలు వణకడం మంగాయమ్మకి కాయల రాశి దగ్గర్నుంచే కనిపించింది.

ఆవిరి పోయాక ఎండ ఎక్కువైంది, దిగి మళ్ళీ ఎక్కమన్నారు. ఎక్కాడు. గబగబా దిగమన్నారు, కదిలే మనిషిని కెమెరా ఎలా పట్టుకుంటుందో చూడాలట. దిగాడు. ఆ వెనక తెర ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బాటరీలు చప్పున అయిపోయేవి. అవి మార్చుకునేదాకా పైనే ఉండమన్నారు, ఉన్నాడు. గెల ఒకటి నరికితే పడుతుండగా తీస్తామన్నారు.

"ఇంకా ముదరలేదండి. పిందెలండి," అన్నాడు త్రిమూర్తులు. ఆ రోజు మొత్తంలో అతను అడ్డం చెప్పింది ఆ ఒక్కసారే, అదీ చెట్టు తరపున.

"ఫర్వాలేదురా, మావాడు అడుగుతున్నాడుగా, నరుకు," అన్నారు బంగారరాజు గారు పడక్కుర్చీలోంచి.

నరికాడు. ఎవరికీ దొరకలేదు. ఇంకోటన్నారు. నీళ్ళకీ పనికిరాని, ఎండబెట్టి కురిడీ చెయ్యడానికీ పనికిరాని లేతకాయలు మంగాయమ్మ కాళ్ళ దగ్గరికి దొర్లుకొచ్చాయి. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అని పళ్ళ బిగువున అనుకుంది. మామూలు రోజుల్లో అయితే రాజుగారు పక్కవాడి మేక ఆకు కొరికినా పంచాయితీ పెట్టేవారు.

సాయంత్రం ఇంటి దగ్గర అతను పిక్కలకి కొబ్బరినూనె రాసుకుంటుంటే మంగాయమ్మ బనీను కుడుతూ తిట్టింది.

"కాదనడం రాదా నీకు?"

"రాజుగారి మేనల్లుడే. ఏం కాదంటాం?"

"మెత్తనోణ్ణి చూస్తే మొత్తబుద్ధని ఊరికే అన్లేదు."

అతను రెండో పిక్కకి కూడా నూనె రాసుకున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "మన ఊరి స్టూడియో సింహాద్రి గారు లేరూ, ఆయనకి చెప్పేను, ఒక కాపీ ఇమ్మని. ఇస్తానన్నారు. మనం గోడకి పెట్టుకోవచ్చు." ఆ మాటతో ఆవిడ నోట్లో ఉన్న తిట్టు అక్కడే ఆగిపోయింది.

మర్నాడు తెల్లారేసరికి వాన పట్టుకుంది. శ్రావణ మాసపు వాన, చినుకు సన్నమే గాని తెరిపి లేదు. వాన పడితే దింపు తీసేవాడికి సెలవు. కొత్తపేట నుంచి రాజోలు దాకా ఎవరినడిగినా ఒకటే మాట, తడి మాను తల్లినైనా మొయ్యదని. తోటలవాళ్ళకీ తెలుసు. ఎంత తొందరున్నా ఏ రైతూ వానలో ఎక్కమని అడగడు. అయినా కారు ఇంటి ముందుకే వచ్చింది.

"పై దాకా వద్దులే," అన్నాడు రాజేంద్ర కారు అద్దం దించి. "సగం చాలు. వానలో ఎలా వస్తుందో కంపెనీవాళ్ళు అడిగారు. మాకు దొరికిందే ఈ ఒక్క రోజు వాన."

"వానలో ఎక్కరండి," అంది మంగాయమ్మ.

"నేను అడిగింది త్రిమూర్తుల్ని."

త్రిమూర్తులు వాన వైపు చూశాడు, కారు వైపు చూశాడు. "సగమే కదే," అన్నాడు మంగాయమ్మతో, తనకి తనే చెప్పుకున్నట్టు. బంధం భుజాన వేసుకొని నడిచాడు. ఆవిడ వెంట వెళ్ళింది. వెళ్ళకుండా ఉండలేకపోయింది.

తోటలో ప్రతి కెమెరాకీ ఒక గొడుగుంది. పైన మళ్ళీ పాలిథిన్ సంచి తొడిగి, ముందు అద్దం దగ్గర బొక్క పెట్టి రబ్బరు బేండు వేశారు. ఒక కెమెరా సింహాద్రి చేతిలో ఉంది. యాభయ్యేళ్ళ మనిషి, ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ ఆయనే తీస్తాడు. ఆయన గొడుగు పట్టేవాడు రాలేదు.

"మంగాయమ్మా, ఖాళీగానే ఉన్నావుగా, ఆ గొడుగు కాస్త పట్టమ్మా," అన్నాడు రాజేంద్ర.

పట్టుకుంది. ఎందుకు పట్టుకున్నానా అని తర్వాత ఎన్నిసార్లో అనుకుంది. విసిరి కొట్టాల్సింది. కానీ పెద్దవాళ్ళు ఏదైనా అందిస్తే చేతులు వాటంతటవే చాపుకుంటాయి, ఏళ్ళ తరబడి అలవాటైన చేతులు. అలా మొగుడు తడి చెట్టెక్కుతుంటే ఆవిడ కెమెరా తడవకుండా నిలబడింది.

అతను ఎక్కే ముందు మానుకి మొక్కాడు. అరచేత్తో తుడిచాడు. తుడిచినకొద్దీ నీళ్ళు కారుతూనే ఉన్నాయి. బంధం పాదాలకి తగిలించి, ముడి రెండుసార్లు లాగి చూసుకొని ఎక్కాడు. రెండు నిలువుల ఎత్తు వెళ్ళాక "ఆగు, మొహం ఇటు తిప్పు!" అన్నారు. తిప్పాడు. "నవ్వకు, కష్టపడుతున్నట్టుండు!" అన్నారు.

ఆ మాట పూర్తవుతుండగానే జారాడు.

కేక కూడా వెయ్యలేదు. ఛాతీ మానుని రాసుకుంటూ వచ్చింది, చేతులు గాలిని పట్టుకున్నాయి, తర్వాత బురదలో దబ్బుమన్న శబ్దం. కెమెరాలు మాత్రం ఆగలేదు. టకటకమని ఒకటే మోత. మంగాయమ్మ గొడుగు వదిలేసి పరిగెత్తింది. వెనకనుంచి సింహాద్రి అరిచాడు.

"గొడుగు! గొడుగు!"

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, చూడకుండా ఉండాల్సింది. ఎనిమిది మంది మగాళ్ళు ఒక్క గొడుగు కిందికి చేరి, తలలు దగ్గర పెట్టి ఆ చిన్న తెరలోకి చూస్తున్నారు.

"దొరికిందా?"

"దొరికింది! చేతులు చూడండి, గాల్లో ఉన్నాయి!"

దొరికిందట. మనిషి బురదలో మడమ పట్టుకొని మెలికలు తిరుగుతుంటే వాళ్ళకి దొరికిందట. మంగాయమ్మ తిట్టిన తిట్లు వానలో కలిసిపోయాయి. ఆవిడకి వచ్చిన తిట్లు కూడా ఆ పూట చాలలేదు.

చీలమండ విరిగింది. ఆస్పత్రిలో పిండికట్టు వేసి పంపారు. ఛాతీ మీద తోలు లేచిపోయిన చోట ఆవిడ పసుపు నూనె రాస్తుంటే అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. రాజేంద్ర కారు పంపించాడు, మందులిప్పించాడు. చెప్పుకోవాలిగా, అన్నీ చేశాడు. చెట్టెక్కించింది మాత్రం ఎవరూ కాదు. "వద్దంటే మానేసేవాడు కదా," అన్నారట బంగారరాజు గారు ఎవరితోనో.

మరునాడు సింహాద్రి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి చెప్పులు విప్పాడు గాని లోపలికి రాలేదు.

"నేను తీసిందే నెగ్గిందండి," అన్నాడు తలొంచుకొని. "పడుతున్నప్పటిది. ఆదివారం అమలాపురంలో ఫంక్షను. సోమవారం నుంచి గడియార స్తంభం దగ్గర కడతారట. మీ ఇద్దర్నీ పిలిచి శాలువా కప్పుతారట."

త్రిమూర్తులు గోడవైపునుంచి ఇటు తిరిగాడు. పడినప్పుడు కూడా అతని మొహం అలా పాలిపోలేదు.

"అది కట్టకండి సింహాద్రి గారూ. దణ్ణం పెడతాను."

దింపు తీసేవాడికి పేరంటే ఒకటే, పడలేదన్న పేరు. చెట్టు ఒకసారి వదిలేసిన మనిషిని మళ్ళీ పట్టుకోదని తోటలవాళ్ళు నమ్ముతారు. చిన్నగా జారి చీలమండ మడత పడిందని నలుగురికీ చెప్పుకొని, కట్టు విప్పాక మళ్ళీ బంధం వేసుకుందామని అతని ఆశ. ఇప్పుడు అమలాపురం నడిబొడ్డున, కోనసీమలో ఉన్న తోటలవాళ్ళూ కొబ్బరి వర్తకులూ అందరూ తిరిగే చోట, త్రిమూర్తులు పదడుగుల పొడవున రోజూ పడుతూనే ఉంటాడు. ఇక ఎవడు పిలుస్తాడు? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

"మీరు చెప్పలేదా ఆయనకి?" అంది మంగాయమ్మ.

"చెప్పేనండి. బొమ్మ కంపెనీకిచ్చేశాం, నీ చేతిలో లేదన్నాడండి." సింహాద్రి విప్పిన చెప్పుల వైపు చూశాడు. "ఆ రోజు గొడుగని అరిచేనండి. నా నోటితో నేనే అరిచేను." పోనీలెండి అనే మాట ఆవిడ నోటికి రాలేదు, వచ్చినా అనేది కాదు.

ఆదివారం బంగారరాజు గారు కారు పంపుతానన్నారు. మంగాయమ్మ బస్సెక్కి వెళ్ళింది.

కల్యాణమండపం నిండా ఫొటోగ్రాఫర్లే. వేదిక వెనక గోడకి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా బేనరు. త్రిమూర్తులు అందులో మానుకీ నేలకీ మధ్య ఉన్నాడు. నోరు తెరుచుకుంది, చేతులు రెండూ గాలిలో, చిరిగిన చోట ఆవిడ కుట్టిన బనీను, కాళ్ళ చుట్టూ వాన. కింద పెద్ద అక్షరాలు. ఏం రాశారని పక్కావిడనడిగింది. "కోనసీమ కష్టజీవి" అని ఉందట. కష్టం పెట్టినవాడి పేరు రాయలేదా అని అడగబోయి ఊరుకుంది.

భర్త బదులు ఆవిణ్ణే వేదిక ఎక్కించారు. రాజేంద్ర శాలువా కప్పుతుంటే ఆవిడ అతనికి మాత్రమే వినబడేలా అంది.

"బాబుగారూ, ఆ బొమ్మ దించెయ్యండి."

"అదేంటమ్మా!" రాజేంద్ర జనం వైపు నవ్వుతూనే పెదాల మధ్యనుంచి మాట్లాడాడు. "మీ ఆయన పేరు కోనసీమంతా తెలుస్తుంది."

"పేరక్కర్లేదండి. పడ్డ మనిషిని తోటలోకి పిలవరండి."

"ఇంకా ఏ కాలంలో ఉన్నారమ్మా మీరు? అవన్నీ మూఢనమ్మకాలు."

తర్వాత మైకందుకొని కెమెరా గురించి చాలాసేపు చెప్పాడు. ఎండకి ఆగింది, వానకి ఆగింది అన్నాడు. నిజమైన పనిని నిజంగా పట్టుకుందన్నాడు. వేదిక మీద పెద్ద టీవీకి వైరు కలిపారు, తీసిన బొమ్మ తీసినట్టే అందులో పడుతుంది. "దీన్ని వాడ్డానికి చదువు కూడా అక్కర్లేదు. ఇదిగో, జీవితంలో కెమెరా ముట్టుకోని మంగాయమ్మ గారు నన్ను తీస్తారు చూడండి!" అని కెమెరా ఆవిడ చేతిలో పెట్టి, ఎక్కడ నొక్కాలో చూపించాడు.

బరువు లేదు. ఒలిచిన కొబ్బరికాయంత కూడా లేదు. వెనక తెరలో రాజేంద్ర కోటు వేసుకొని బొమ్మలా నిలబడ్డాడు. నొక్కింది. టీవీలో పడ్డాడు. చప్పట్లు.

"ఇలా కాదండి," అంది మంగాయమ్మ.

మైకు దగ్గరే ఉండడంతో ఆ మాట మండపమంతా వినబడింది.

"పని చేస్తున్నట్టుండాలండి. ఆ కుర్చీ ఎక్కి బేనరు తాడు బిగించండి. కోటుతో ఎవరు కడతారండి, విప్పండి."

జనం హుషారుగా నవ్వారు. ఇంతసేపూ నిజమైన పని గురించే మాట్లాడిన మనిషి కాదనడానికి లేదు. కోటు విప్పి ప్లాస్టిక్ కుర్చీ ఎక్కాడు, తాడు పట్టుకున్నాడు. నొక్కింది.

"ఇంకోసారండి. దిగి ఎక్కండి."

దిగి ఎక్కాడు. నవ్వుతూనే ఉన్నాడు.

"నవ్వకండి. కష్టపడుతున్నట్టుండండి."

ఈసారి జనం అంత గట్టిగా నవ్వలేదు. ముందు వరసలో సింహాద్రి తలొంచుకున్నాడు.

"అక్కడే ఆగండి. నాకు మసగ్గా ఉందండి, కనపట్లేదు." నిజానికి మసగ్గానే ఉంది, కెమెరాలో కాదు. "మొహం ఇటు తిప్పండి."

"చాలమ్మా," అన్నాడు రాజేంద్ర. చెయ్యెత్తి ఉంచడంతో చొక్కా చంకలో తడిసింది. మునివేళ్ళ మీద నిలబడ్డ పిక్కలు వణుకుతున్నాయి. ఆ వణుకు ఆవిడకి తెలిసిన వణుకే. అతను పడాలని మంగాయమ్మ కోరుకోలేదు. పడకూడదని కూడా కోరుకోలేదు.

"ఇంకొక్కసారండి, ఇటు," అంది.

ఇటు తిరగబోయాడు. కుర్చీ కాలు పక్కకి వంగిపోయింది. మనిషి తాడు పట్టుకొని వేలాడబోయి, నోరు తెరిచి, చేతులు గాలిలో ఆడించి మోకాళ్ళ మీద పడ్డాడు. ఆవిడ వేలు నొక్కే ఉంది.

టీవీలో పడింది. నోరు, చేతులు, కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతూ. అతని వెనకనే బేనరులో త్రిమూర్తులు. ఇద్దరూ ఒకే రకంగా పడుతున్నారు. మండపం మొత్తం ఘొల్లుమంది. ఆ నవ్వు మంగాయమ్మకి నచ్చలేదు. రేపు గడియార స్తంభం దగ్గర తన మొగుణ్ణి చూసి నవ్వబోయేదీ ఆ నవ్వే.

దెబ్బ పెద్దది కాదు. రాజేంద్ర మోకాళ్ళు దులుపుకుంటూ లేచి, టీవీ చూసి, ఎర్రబడ్డాడు. ఎదర కుర్చీల్లో సెల్‌ఫోన్లు లేచాయి.

"అది తీసెయ్యమ్మా. ముందు అది తీసెయ్," అన్నాడు గొంతు తగ్గించి, చెయ్యి చాపి.

ఆవిడ కెమెరాని శాలువా కిందకి, గుండెకి దగ్గరగా తీసుకుంది.

"మాది దించండి బాబుగారూ. మీది తీసేయిస్తాను."

"ఇదేం బేరమమ్మా?"

"మీరు మూఢనమ్మకమన్నారండి. మరి మీకెందుకండీ భయం?"

సింహాద్రి లేచాడు. వేదికెక్కి, ఎవరినీ అడక్కుండా, బేనరు నాలుగు మూలల తాళ్ళూ విప్పాడు. "నేను తీసిన బొమ్మండి. కంపెనీకి వేరేది పంపుకోండి, ఇది మాత్రం ఎక్కడా కట్టకండి," అన్నాడు రాజేంద్రతో. రాజేంద్ర టీవీ వైపు చూశాడు, జనం వైపు చూశాడు. తలూపాడు. సింహాద్రి మంగాయమ్మ చేతిలోంచి కెమెరా తీసుకొని రాజేంద్ర ముందే ఆ బొమ్మ తుడిచేశాడు.

ఆవిడ శాలువా విప్పి కుర్చీ మీద పెట్టింది. సింహాద్రి చుట్టి ఇచ్చిన బేనరు చంకన పెట్టుకొని బస్సెక్కింది.

ఇల్లు చేరేసరికి మళ్ళీ చినుకులు. పెరట్లో ఒలవాల్సిన కాయల రాశి తడుస్తోంది. మంగాయమ్మ బేనరు విప్పి, బొమ్మ లోపలివైపుకి పెట్టి రాశి మీద పరిచింది. త్రిమూర్తులు పిండికట్టు కాలు ఈడ్చుకుంటూ, కర్ర ఊతంతో అరుగు దిగాడు.

"తెచ్చేవా? ఏదీ, చూడనీ."

"చూడ్డానికేముంది? పడ్డ బొమ్మ."

"చూడనీవే."

కొస ఎత్తి పట్టుకుంది. అతను వంగి చూశాడు. మొహం చూసుకోలేదు, నోరు చూసుకోలేదు, గాల్లో చేతులూ చూసుకోలేదు. వేలితో వాన చుక్కలు తుడుస్తూ కిందికి, కాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఆగిపోయాడు.

"బంధం చూడు," అన్నాడు చివరికి. "రెండు కాళ్ళకీ ఉంది. ముడి ఊడలేదు."

"అయితే?"

"ముడి సరిగ్గా వేసుకోలేదేమోనని నాలుగు రోజులుగా ఒకటే గుంజాటన. నేనే తప్పు చేసేనేమోనని. చూడు, ఎలా బిగిసుందో. జారింది మానే. వానలో ఎక్కిస్తే మాను జారదా ఏంటి?"

మంగాయమ్మకి ఒక్కసారిగా ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. విరిగిన కాలుతో పడుకొని, ఎక్కించినవాళ్ళ మీద ఒక్క మాట అనకుండా, నాలుగు రోజులూ ఈ మనిషి తన ముడినే అనుమానించుకున్నాడు.

ఆవిడ బేనరు మళ్ళీ రాశి మీదకి లాగబోయింది. అతను చేత్తో ఆపాడు.

"బొమ్మ పైకి వెయ్యవే," అన్నాడు. "దింపుకి పిలవడానికి వచ్చినోళ్ళు ముందు బంధం చూస్తారు. ఆనక వానని చూస్తారు. అప్పుడడుగుతారు, వానలో ఎవరెక్కించేరని. ఈసారి నేను చెప్తాను."